అరమార్కు మాస్టారి కూతురు

జూన్ 4

అక్కకు,

ఎలా ఉన్నావని అడిగితే "ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా" అంటావు కాబట్టి అడగడం లేదు. నేరుగా పనిలోకి వస్తాను.

నాన్న పనిచేసిన స్కూల్లో లెక్కల గదికి ఆయన పేరు పెడుతున్నారు. ఆగస్టు చివర్లో సభ. ఆ రోజు ఒక చిన్న పుస్తకం కూడా తెస్తారట. ఇప్పటి హెడ్మాస్టరు ఒకప్పుడు నాన్న దగ్గర చదువుకున్నవాడే. మొన్న మా కరెంటు మీటర్ల ఆఫీసుకు వచ్చి, నా బల్ల మీదున్న ఫైళ్ళన్నీ పక్కకు జరిపి కూర్చుని, "మాస్టారి జీవితం మీరే రాయాలి, ఇంట్లోవాళ్ళకు తెలిసినంత బయటివాళ్ళకేం తెలుస్తుంది" అని మొహమాటపెట్టి వెళ్ళాడు. ఒప్పుకున్నాను. రెండు పేజీలు రాసేసరికి సరుకైపోయింది. ముప్పై నాలుగేళ్ళు పాఠం చెప్పాడు. రిటైరై ఇరవయ్యేళ్ళు బతికాడు. ఎవరికీ అరమార్కు కూడా ఊరికే వెయ్యడు కాబట్టి పిల్లలు ఆయన్ని అరమార్కు మాస్టారు అన్నారు. ఆ తర్వాత ఏం రాయాలో తోచక పెన్ను మూత కొరుకుతూ కూర్చున్నాను.

మొదలు మాత్రం బాగా కుదిరింది. నీ కథతోనే మొదలుపెట్టాను. తొమ్మిదో తరగతి లెక్కల్లో సొంత కూతురికి ముప్పై ఒకటి వచ్చాయి. పాసవడానికి ముప్పై అయిదు కావాలి. అప్పటి హెడ్మాస్టరు చెప్పినా, తోటి మాస్టర్లు బతిమాలినా ఆ నాలుగు మార్కులూ కలపలేదు. ఆ కథ ఇప్పటికీ స్టాఫ్ రూములో చెప్పుకుంటారట.

రెండు సంగతులు అడగాలి, తప్పుగా అనుకోకు. నాన్న పోయాక నువ్వు తిరిగి వెళ్ళేటప్పుడు అల్మరా మీది బిస్కెట్ డబ్బా నీ సంచిలో పెట్టుకోవడం నీ మరదలు చూసిందట. అందులో నాన్న కాగితాలేమైనా ఉంటే పుస్తకానికి పనికొస్తాయి. రెండోది, ప్రతి నెలా రెండో శనివారం బస్సెక్కి నీ టైలరింగ్ షాపుకు వచ్చే నాన్న డిసెంబరు నుంచి ఎందుకు మానేశాడు? ఆఖరిసారి నీ దగ్గరికి వచ్చిన రోజు ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడ్డాడు. ఏమైందని అడిగితే "షాపులో రద్దీగా ఉంది" అన్నాడు. ఏప్రిల్లో పోయాడు. నాలుగు నెలలూ రద్దీయేనా?

వీలు చూసుకుని ఫోన్ చెయ్యి.

తమ్ముడు


జూన్ 12

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చెయ్యను. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ, సరిగా వినపడటం లేదు" అని జారుకుంటావు. కాగితం మీద రాస్తే నువ్వన్న మాట నా దగ్గరుంటుంది. రేపు "నేనలా అనలేదే" అనడానికి ఉండదు. అందుకని ఇకమీదట నువ్వు కూడా రాయి.

ముందు డబ్బా సంగతి. మీ ఆవిడకు చూపు బాగా ఆనుతోందని తెలిసి సంతోషం. అందులో ఉన్నవి పదకొండు సుద్దముక్కలు, ఒక అట్ట ప్రెస్ బటన్లు. మూడేళ్ళ కిందట ఆయన చేతులు వణకడం మొదలైంది. గుండీలు పెట్టుకోలేక పావుగంట అవస్థపడేవాడు. మీ ఇద్దరూ గమనించారో లేదో నాకు తెలీదు. చొక్కాలన్నీ తెప్పించి గుండీలు ఊడదీసి ప్రెస్ బటన్లు వేసింది నేను. మిగిలిన బటన్లు ఆయన దాచుకున్నాడు. నావే నేను తెచ్చుకున్నాను. సుద్దముక్కలు నాకు రోజూ పనే, గుడ్డ మీద గీసుకోవడానికి. కావాలంటే మీ ఆవిడను వచ్చి లెక్కపెట్టుకోమను.

ఇప్పుడు నేనడుగుతాను. నాన్న నల్ల చేతిసంచి ఏది? చిన్న తాళం వేసి ఉండేది. డబ్బా గురించి అంత వాకబు చేసినవాడివి, ఆ సంచి గురించి ఒక్క ముక్కయినా రాయలేదేం?

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. నా కథ పుస్తకంలో వెయ్యడానికి వీల్లేదు. వేస్తే నేను సభకు రాను. వచ్చినా ఊరుకోను. అప్పుడు నీకు పదేళ్ళు. నువ్వేం చూశావని, ఏం విన్నావని రాస్తున్నావు? ఎవరు చెప్పమన్నారు?

ఇక్కడ ఒకావిడ జాకెట్టు మూడోసారి విప్పించింది. చెయ్యి బిగుతంటుంది, విప్పితే వదులంటుంది. చెయ్యి మారుతోందో మనసు మారుతోందో తెలీదు. నీ ఉత్తరం వచ్చిన రోజే ఆవిడ కూడా రావాలా! ఆ కోపం కొంత ఇందులో పడిందేమో. తీసెయ్యాల్సిన పని లేదు, అలాగే చదువుకో.

అక్క


జూన్ 21

అక్కకు,

నువ్వు నన్ను దొంగను చేస్తున్నావు. సంచి ఎక్కడికీ పోలేదు. నాన్న మంచం పక్కన మేకుకు వేలాడుతోంది. తాళంచెవి దొరక్క తెరవలేదు, అంతే. ఈ ఆదివారం దాని సంగతి చూస్తాను. నీ మరదలు నీ ఉత్తరం చదివి, "వదిన రాసిందంటే రంపంతో రాసినట్టే ఉంటుంది" అంది. చదవనివ్వకుండా ఉండాల్సింది, నాదే బుద్ధి తక్కువ.

నాన్న పేపర్లు దిద్దే పద్ధతి గురించి ఒక పేరా రాశాను. చదివి తప్పులుంటే చెప్పు:

"పరీక్షలు కాగానే మాస్టారి ముందుగదిలో మంచం గోడకు నిలబెట్టేవారు. ఒకరి పేపరు మొత్తం దిద్ది, ఆ తర్వాత ఇంకొకరిది దిద్దడం ఆయన పద్ధతి కాదు. మొదటి లెక్క బాగా చేసిన పిల్లవాడి మీద కలిగిన ఇష్టం రెండో లెక్కకు అంటుకుంటుందని ఆయన భయం. అందుకని పేపర్ల దారాలు విప్పి, కాగితాలు నేల మీద వరసగా పరిచి, నంబరు కనపడకుండా మూలలు మడిచి, క్లాసందరిదీ మొదటి లెక్క ఒకసారి, రెండో లెక్క ఒకసారి దిద్దేవారు. కాగితాలు కదలకుండా గరిటెలు, గ్లాసులు, తాళాలు బరువు పెట్టేవారు. తప్పు దొరికిన అంకె కింద ఎర్రచుక్క పెట్టేవారు. చుక్క పడిందంటే మార్కు తెగిందన్నమాటే. అంతా అయ్యాక మళ్ళీ ఎవరి దారం వాళ్ళకు కట్టేవారు. ఎంత ఎండలోనైనా ఫ్యాను వెయ్యనిచ్చేవారు కాదు."

హెడ్మాస్టరు ఇది చదివి కళ్ళు తుడుచుకున్నాడు. కానీ నీ కథ లేకుండా కుదరదంటున్నాడు. "ఆ సంగతి లేకపోతే మాస్టారి గురించి కొత్తగా ఏం చెప్పినట్టండీ" అంటున్నాడు.

నువ్వెందుకింత పట్టుబడుతున్నావో నాకు అర్థం కావడం లేదు. ఫెయిలవడం నేరమేమీ కాదక్కా. నాన్న కూడా ఫెయిలయినందుకు నిన్నేమీ అనలేదు కదా. ఇంకో కాగితం కూడా రాశానని నువ్వు అబద్ధం చెప్పావనే ఆయన బాధంతా. ఆ ముక్క నేను రాయనులే, భయపడకు.

తమ్ముడు


జులై 2

మా బుద్ధిమంతుడైన తమ్ముడికి,

అబద్ధం అన్న మాట ముప్పై మూడేళ్ళ తర్వాత మళ్ళీ ఇంటికొచ్చింది. ఈసారి నీ చేతిరాతలో. ఉత్తరం చేతిలో పట్టుకుని మిషను ముందు అలాగే కూర్చుండిపోతే, మా కుట్టేవాళ్ళలో ఒకమ్మాయి "ఎవరైనా పోయారా అక్కా" అని అడిగింది.

నీ పేరా బాగుంది. అందులో తప్పుల్లేవు. ఇక నాది విను. ఒక్కసారే చెబుతాను.

ఆ పరీక్షలో ఇచ్చిన పేపరు అయిపోతే లేచి నిలబడి అడిషనల్ షీటు అడిగాను. నాలుగు లెక్కలు దాని మీద చేశాను. మూడు పూర్తిగా, నాలుగోది సగం. దారంతో నేనే కట్టాను. ఇంటికొచ్చి "నలభై దాటతాయమ్మా" అని అమ్మతో అన్నాను. తీరా చూస్తే ముప్పై ఒకటి. షీటు సంగతి చెప్పాను. నాన్నను ఒక విషయంలో అనకూడదు, వెంటనే కట్ట విప్పి నలభై రెండు పేపర్లూ నా ముందే వెతికాడు. షీటు లేదు. అప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఫెయిలయితే మళ్ళీ చదువుకోవచ్చమ్మా. అబద్ధం చెబితే నేను దిద్దలేను" అన్నాడు. అరవలేదు, కొట్టలేదు. అరిచినా బాగుండేది.

"నేను నిజమే చెప్పానని మీరంటేనే మళ్ళీ ఆ క్లాసులో కూర్చుంటాను" అన్నాను. ఆయన అనలేదు. నేను కూర్చోలేదు. ఇద్దరిదీ ఒకటే మొండితనం, మధ్యలో అమ్మ నలిగిపోయింది. పక్కవీధి టైలరమ్మ దగ్గర "ఊరికే ఉండటమెందుకు" అని కూర్చోబెట్టింది. అలా కత్తెర పట్టాను. దానికి నాకు ఏడుపేమీ లేదు. ఈ రోజు మూడు మిషన్లున్నాయి, నా కటింగు కోసం పది వీధులు దాటి వస్తారు. కానీ స్టాఫ్ రూములో చెప్పుకునే ఆ కథలో నేనెవర్ని? మాస్టారు నిజాయితీపరుడు కావాలంటే నేను అబద్ధాలకోరును కావాలి. అది నువ్వు అచ్చువేసి పంచిపెడతానంటున్నావు.

ఇంకోటి చెప్పనా? ఇన్నేళ్ళలో నా మీద నాకే అనుమానం పట్టుకుంది. నిజంగా రాశానా? రాయాలనుకుని, రాసినట్టు ఊహించుకున్నానా? కొన్ని రోజులు రాశాననిపిస్తుంది. కొన్ని రోజులు మా కుట్టే అమ్మాయిలు "కుట్టేశానక్కా" అని బొంకినప్పుడు, నేనూ ఇలాగే బొంకానేమో అనిపిస్తుంది.

డిసెంబరు సంగతి అడిగావు కదా. అక్టోబరులో వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఉన్నట్టుండి "ఆ పరీక్షలో చివర ఏ లెక్కలు చేశావో గుర్తుందా అమ్మా" అన్నాడు. గుర్తులేదన్నాను. నవంబరులో వచ్చి, "షీటుకు ముడి ఎలా వేశావు, ఒకటా రెండా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాట మార్చాను. డిసెంబరులో నల్లసంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. వణికే చేతులతో దాని తాళంతో కుస్తీపడుతూ, "ఆ సమలంబ చతుర్భుజం లెక్క ఉంది చూడు..." అని మొదలుపెట్టాడు. షాపులో నలుగురున్నారు. "ఇంకా ఎన్నాళ్ళు విచారణ చేస్తారు నాన్నా? నేను అబద్ధాలకోరునే. రాసిస్తాను, సంతకం పెడతాను, తీసుకుపోండి. మళ్ళీ రావద్దు" అన్నాను. ఆయన సంచి చంకలో పెట్టుకుని లేచాడు. తాళం తియ్యనే లేదు.

అదే ఆఖరు.

మూడు నెలలు వరసగా అదే ప్రశ్న ఎందుకడిగాడు? ఎవరైనా ఎక్కిస్తేనే కదా! ఈ పుస్తకం గొడవ మీకు అప్పటికే ఉందని నా అనుమానం. నువ్వో, మీ ఆవిడో, ఆ హెడ్మాస్టరో ముసలాయన్ని నా మీదికి పంపి కథకు హంగులు సేకరించారు. కాదంటావా? అయితే సంచి తెరిచి అందులో ఏముందో రాయి. ఏదీ కత్తిరించకుండా రాయి.

అక్క


జులై 15

అక్కకు,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ వానలు మొదలయ్యాయి. మొన్న ఆఫీసులోకి నీళ్ళొచ్చి కింది అరల్లో ఫైళ్ళు తడిశాయి. వాటిని ఆరబెట్టడంతోనే సరిపోయింది. మా వీధిలో రోడ్డు తవ్వి అలాగే వదిలేశారు. దాటడానికి చెక్క వేశారు కానీ అది ఊగుతోంది.

సంచి తెరిచాం. పెన్షను కాగితాలు, పాత కళ్ళజోడు, ఎర్రసిరా పెన్ను ఒకటి ఉన్నాయి. చెప్పుకోదగ్గదేమీ లేదు.

నువ్వన్నట్టే ఆ కథ పుస్తకంలోంచి తీసేశాను. హెడ్మాస్టరుకు కూడా చెప్పేశాను. ఆయన నొచ్చుకున్నాడు, అయినా ఫరవాలేదు. పదో తేదీకల్లా అచ్చుకు ఇవ్వాలి. ఇక దీని గురించి మనం బాధపడొద్దు.

ఆరోగ్యం జాగ్రత్త. మరదలు అడిగినట్టు చెప్పమంది.

తమ్ముడు


జులై 20

ఒరేయ్,

ముప్పయ్యేళ్ళుగా మనుషుల కొలతలు తీస్తున్నాను. తొడిగి చూడకుండానే "బాగుంది, బాగుంది" అని గబగబా సంచిలో వేసుకునే మనిషి ఏదో దాస్తోందని నాకు తెలుసు. నీ ఉత్తరం అలా ఉంది.

వాన నాలుగు వాక్యాలు. చెక్క ఊగడం ఒక వాక్యం. నాన్న సంచి రెండు ముక్కలు. నేను రెండు పేజీలు గుండె విప్పి రాస్తే దానికి జవాబే లేదు. ఎక్కించింది మేం కాదని పోట్లాడతావనుకున్నాను. అదీ లేదు. నెలరోజులు పట్టుకుని వేలాడిన కథను ఒక్క మాటతో వదిలేశావు. నువ్వు చిన్నప్పటి నుంచీ అంతే. ఏదైనా పగలగొట్టిన రోజు అడక్కుండానే అన్నం గిన్నె కడిగి పెట్టేవాడివి. అమ్మ ఆ గిన్నె చూడగానే "ఏం పగిలిందిరా" అనేది.

ఏం పగిలిందిరా?

పెన్షను కాగితాలకు, పాత కళ్ళజోడుకు ఎవడైనా తాళం వేస్తాడా? వణికే చేతులతో ఆ తాళం తియ్యడానికి నా ముందు చెమటలు కక్కాడే, కళ్ళజోడు చూపించడానికా? మీ ఆవిడే ఏదో తీసి ఉంటుంది. లేదా ఇద్దరూ కలిసి తీశారు. నాన్న పరువు కాపాడటానికో, నా పరువు తియ్యడానికో నాకు తెలీదు. పై శనివారంలోగా జవాబు రాకపోతే షాపు మూసి నేనే వస్తాను. చెక్క ఊగినా సరే, దాటి వస్తాను.

అక్క


జులై 27

అక్కా,

నువ్వు రావద్దు. నేనే అంతా రాస్తున్నాను. ఈ ఉత్తరంతో పాటు రిజిస్టరు పోస్టులో ఒక కాగితం పంపుతున్నాను. కవరు జాగ్రత్తగా చించు.

సంచిలో, అడుగున, ప్లాస్టిక్ కవర్లో ఉంది నీ అడిషనల్ షీటు.

రాశావక్కా. నాలుగు లెక్కలు. మూడు పూర్తిగా, నాలుగోది సగం. నువ్వు చెప్పింది చెప్పినట్టు. మూలన నీ రోల్ నంబరుంది. దారం గుచ్చిన చిల్లు చిరిగి ఉంది. నాన్న దాన్ని ఎర్రసిరాతో దిద్దాడు. అయిదు, అయిదు, అయిదు, రెండు. వెనక పక్క "31 + 17 = 48. పాసు" అని రాసి సంతకం, తేదీ వేశాడు. ఆ తేదీ డిసెంబరు రెండో శనివారం. నీ షాపుకు వచ్చిన రోజు.

నీకు వచ్చే మొదటి అనుమానం నాకూ వచ్చింది. నాన్నకు ముందే తెలుసా? తెలిసి దాచాడా? అంకెలు చూడు. ఒక్కోటీ వంకర్లు తిరిగి ఉంది. చేతులు వణకడం మూడేళ్ళ నుంచేనని నువ్వే రాశావు. అయినా నాకు తృప్తి కలగలేదు, ఎప్పుడో దొరికి ఈమధ్య దిద్దాడేమోనని నీ మరదలిని అడిగాను. అసలు సంగతి ఆవిడ చెప్పింది. కిందటి సెప్టెంబరులో ఆ అద్దె ఇంటి నుంచి నాన్నను ఇక్కడికి తెచ్చాం కదా. చెక్క అల్మరా ఎత్తేముందు కింది అరలో పరిచిన పేపర్లు తియ్యబోతే, నాన్న "నేను తీస్తాలే" అని నేల మీద కూర్చున్నాడట. అమ్మ ఏటా పాత పేపరు తియ్యకుండా దాని మీదే కొత్తది పరిచేది, గుర్తుందా? ముప్పై ఏళ్ళ పేపర్లు పొరలు పొరలుగా ఉన్నాయి. అన్నిటికంటే అడుగు పేపరు తీసినప్పటి నుంచి భోజనానికి పిలిచినా లేవలేదట. పాత వార్తలు చదువుతున్నాడనుకుని ఆవిడ ఊరుకుంది. ఆ పేపరు కూడా సంచిలోనే మడిచి పెట్టాడు. దాని మీది తేదీ నీ పరీక్షలైన వారంది. అరలో పడి ఉన్న నీ షీటును చూసుకోకుండా అమ్మ దాన్ని పైన పరిచి ఉంటుంది.

అంటే నాన్నకు తెలిసింది సెప్టెంబరులోనే. అక్టోబరులోనూ నవంబరులోనూ నిన్ను అడిగింది విచారణ కాదు. చెప్పడానికి మొదలెక్కడో తెలీక అడిగాడు. క్షమించమనడం ఆయనకు ఎప్పుడూ చేతకాలేదు, లెక్కల్లోంచి దారి వెతుక్కున్నాడు.

ఇది రాయడానికి నాకు నెలరోజులు అక్కర్లేదు. సంచి తెరిచిన రోజే రాయొచ్చు. ఎందుకు దాచానో చెబుతాను.

ఆ కాగితం అల్మరాలోకి నడిచి వెళ్ళదు కదా.

నాన్న మీ క్లాసు పేపర్లు పరిచి ఉన్నాడు. నేను గుమ్మంలో కూర్చుని పహారా. ఆయన మంచినీళ్ళకని వంటింట్లోకి వెళ్ళి అమ్మతో మాటల్లో పడ్డాడు. ఎండకు నా చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. ఒక్క నిమిషం అనుకుని ఫ్యాను వేశాను. గ్లాసుల కింద ఉన్నవి ఆగాయి, మిగతావి లేచాయి. వెంటనే ఆపేసి, దొరికినవన్నీ ఏరి, ఎక్కడివక్కడ పెట్టాననే అనుకున్నాను. అల్మరా కింది తలుపు ఎప్పుడూ సరిగా పడేది కాదు. నేను అందులో చూడలేదు. నాన్న వచ్చి నా మొహం చూసి "ఏంటిరా" అన్నాడు. "ఏం లేదు" అన్నాను.

వారం తర్వాత ఆయన నలభై రెండు పేపర్లూ విప్పి వెతుకుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. నువ్వు ఏడుస్తున్నావు. ఫ్యాను సంగతి నా నోటిదాకా వచ్చింది. నాన్న భయంతో మింగేశాను. ఆ తర్వాత నువ్వు అబద్ధమే చెప్పావని నమ్మితే నాకు హాయిగా ఉండేది. అందుకని నమ్మాను. మొన్న జూన్లో కూడా అదే నమ్మకంతో నీకు అలా రాశాను. అబద్ధం చెప్పింది మన ఇంట్లో ఒక్కడే, వాడు నీకు ఉత్తరం రాస్తున్నాడు.

ఏం చెయ్యమంటే అది చేస్తాను. సభలో లేచి చెప్పమన్నా చెబుతాను.

తమ్ముడు


ఆగస్టు 5

తమ్ముడూ,

కవరు మంగళవారం వచ్చింది. గురువారం దాకా తెరవలేదు. కటింగు బల్ల కింద పెట్టి, దాని మీద ఇస్త్రీపెట్టె బరువు పెట్టాను. మన ఇంట్లో కాగితాలు ఎగురుతాయి కదా.

తెరిచాక కూడా ముందు నమ్మలేదు. నాకు జాలి కలగాలని నువ్వే రాసి పంపావేమోనని వెలుతురులో పట్టుకుని చూశాను. నీకు అంత ఓపిక లేదని గుర్తొచ్చింది. పైగా ఏడు అంకెకు నడుమన అడ్డగీత వేసే పిచ్చి మా క్లాసులో నాకొక్కదానికే ఉండేది. ఇప్పటికీ గుడ్డ మీద అలాగే వేస్తాను. ఆ షీటు మీద అడ్డగీతల ఏడులు మూడున్నాయి. నేను రాశాను. రాశానురా. షాపులో అందరి ముందే ఏడ్చాను. మా అమ్మాయిలు మిషన్లు ఆపేశారు. ఈసారి "ఎవరైనా పోయారా" అని అడగలేదు.

నీ ఫ్యాను సంగతి. రెండు రోజులు నీ మీద ఎంత కోపం వచ్చిందో రాయను, నీ చెవులకు తెలిసే ఉంటుంది. తర్వాత ఆలోచించాను. పదేళ్ళవాడు ఉక్కపోస్తే ఫ్యాను వేశాడు. ఫ్యాను కాగితాన్ని ఎగరగొట్టింది, అంతే. నన్ను నమ్మకపోవడం ఫ్యాను చేసిన పని కాదు. అది నాన్న చేశాడు, నువ్వు చేశావు, చివరికి నేనూ చేశాను. డిసెంబరులో ఆయన తాళం తీసేదాకా ఆగకుండా పంపేసినదాన్ని, నమ్మకం గురించి మీకు పాఠాలు చెప్పే మొహం నాకు లేదు. ఆ ఒక్క నిమిషం ఆగి ఉంటే చాలు. రోజూ మిషను మీద కూర్చోగానే ఆ స్టూలు కనిపిస్తోంది. ఇది మాత్రం ఎవరూ దిద్దలేరు.

మీ ఆవిడతో చెప్పు, డబ్బా విషయంలో నేనన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నానని. ఆవిడ గమనించి ఉండకపోతే నాన్న దాచాడనే అనుమానంతోనే నేను చచ్చేదాన్ని. ఆవిడ జాకెట్టు కొలత పంపమను.

కథ పుస్తకంలో వెయ్యి. ఉన్నదున్నట్టు వెయ్యి. కూతురికి నాలుగు మార్కులు కలపని మాస్టారు, ముప్పై మూడేళ్ళ తర్వాత తన తప్పు తనకు దొరికితే, వణికే చేత్తో దిద్ది, సంతకం పెట్టి, బస్సెక్కి ఇవ్వడానికి వెళ్ళాడని వెయ్యి. ఫ్యాను సంగతి కూడా రాయి. హెడ్మాస్టరు నొచ్చుకుంటే నా దగ్గరికి పంపు. సభకు వస్తాను.

ఇంకొక్క సంగతుంది. ఇది పుస్తకానికి కాదు, నీకు మాత్రమే.

షీటు మొత్తం నేను మళ్ళీ దిద్దాను. నాకు అలవాటు, కత్తెర పెట్టేముందు ఎవరి లెక్కయినా సరే ఒకసారి సరిచూస్తాను. మూడోది ఆ సమలంబ చతుర్భుజం లెక్కే. పద్నాలుగూ పదీ కలిపితే ఇరవై నాలుగు, ఎత్తు ఆరు. సూత్రంలో సగం చెయ్యాలని సరిగ్గానే రాశాను. కానీ చివర సగం చెయ్యడం మరిచి నూట నలభై నాలుగు అని వేశాను. జవాబు డెబ్భై రెండు. స్కర్టు ముక్కలు కోసేటప్పుడు ఆ సగం ఇప్పుడు ఒక్కసారి కూడా మరిచిపోను. అప్పుడు తొందరలో మరిచాను. దానికి రావలసింది మూడు. నాన్న అయిదు వేశాడు.

ముసలాయన, చూపు తగ్గింది, పొరబడ్డాడు అనుకున్నాను. కాదురా. భూతద్దం పెట్టి చూశాను. నూట నలభై నాలుగు కింద ఎర్రచుక్క ఉంది. ఆయన చూశాడు. చూసి చుక్క పెట్టాడు. పెట్టి కూడా కొయ్యలేదు. ఆ రెండూ లేకపోయినా నలభై ఆరు, నేను పాసే. అక్కర్లేకుండా వేశాడు.

అదే ఇవ్వడానికి వచ్చాడని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ లెక్క పేరు ఎత్తగానే నేను తరిమేశాను.

న్యాయంగా అయితే పదిహేడును పదిహేను చెయ్యాలి. ఎర్రపెన్ను తీసుకున్నాను కూడా. చాలాసేపు పట్టుకుని కూర్చుని మూత పెట్టేశాను. పుస్తకంలో నలభై ఎనిమిదనే రాయి.

అక్క